వాపూ, బలుపూ

"వాపును చూసి బలుపనుకోవడం" అనే మాటను చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్నానో, ఎదుటివారి డాంబికాన్ని ఎత్తిపొడవడానికి ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. అది ఏనాటికైనా అక్షరాలా నాకే వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు. మొన్నొక వేసవిలో బెజవాడలో అమ్మ దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ ముచ్చటా తీరింది.

మా ఇంటి ముందుగదిలో దివాను మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద ఒక లాప్‌టాపు ఉంటాయి. 2013లో నాన్నగారికి నేను కొనిచ్చినది. ఆ రోజుల్లో సన్నగా, నాజూకుగా, ఇప్పుడిప్పుడే మార్కెట్లోకి వస్తున్న రకం. నాన్నగారు 2019లో పోయారు. అప్పటినుంచీ అది అమ్మది. అమ్మ దాని మీద తాను స్వయంగా అల్లిన లేసుగుడ్డ ఒకటి కప్పి ఉంచుతుంది. ఆ ఉదయం గుడ్డ తీసి చూస్తే లాప్‌టాపు బల్ల మీద సరిగా ఆనడంలేదు. ఒక మూల నొక్కితే మరో మూల లేస్తోంది, కుంటి పీటలాగ. టచ్‌ప్యాడు నొక్కుడు పడటంలేదు. మూత పూర్తిగా మూసుకోవడంలేదు.

"పాతకాలపు సరుకమ్మా, గట్టి ఒళ్ళు. బల్లే వంగి ఉంటుంది," అన్నాను.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని, పక్కనుంచి వంగి చూసి, "బల్ల కాదురా. అది ఉబ్బింది. నూనెలో వేసిన పూరీలాగ లేదూ?" అంది.

తిరగేసి చూశాను. అడుగు పలక మధ్యలో ఉబ్బెత్తుగా లేచి ఉంది. రెండు మరలు తమ గుంటల్లోంచి బయటకు వచ్చేలా ఉన్నాయి. చేతికి వెచ్చగా తగిలింది. ఇరవై ఏళ్ళ పైబడి కంప్యూటర్లతోనే కాపురం చేస్తున్న నేను బలుపనుకున్నదాన్ని, జీవితంలో ఒక్క మర కూడా విప్పని మా అమ్మ వాపని గుర్తుపట్టింది.

అసలు సంగతికి వెళ్ళే ముందు నా పూర్వాశ్రమం కొంత చెప్పాలి. మీలో చాలామందికి ఇలాంటిదే ఒకటి ఉండి ఉంటుంది.

నా మొదటి లాప్‌టాపు 2005 నాటిది. బరువు మూడు కిలోలకు తక్కువ ఉండదు. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనబడటానికి పడ్డ తంటాలూ, గుణింతాలు విడివిడిగా పడితే పడ్డ మనోవ్యథా అన్నీ దాని మీదే. దాని బ్యాటరీ వెనకవైపు ఇటుకలా ఉండేది. ఒక పీట జరిపితే టక్కున ఊడి చేతికొచ్చేది. కొన్న కొత్తలో మూడు గంటలు పనిచేసింది. మరుసటి ఏడాదికి గంటన్నర. ఆ తరువాత ఇరవై నిమిషాలు. చివరకు నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో కూడా ఒక నాటకం ఉండేది: తెరమీద నలభై శాతం మిగిలి ఉందని చూపిస్తూ చూపిస్తూనే హఠాత్తుగా కన్నుమూసేది. రాసిన వ్యాసాలు సగంలో ఎగిరిపోయేవి. పోయిన వ్యాసాలే గొప్పగా ఉన్నాయని మనకు అనిపించడం సహజం కనుక, ఆ బ్యాటరీ వల్ల తెలుగు సాహిత్యానికి తీరని నష్టం జరిగిందని నా నమ్మకం.

అప్పట్లో అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే. "పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి, అప్పుడు నిండా ఎక్కించు." భక్తిగా పాటించాను. ఆ సలహా తప్పు కాదు, కానీ చిరునామా తప్పు. అది అంతకుముందు తరం నికెల్ కాడ్మియం బ్యాటరీలకు చెప్పిన మాట. సగం సగం వాడితే వాటికి ఆ సగమే అలవాటైపోతుందని భయం. లిథియం అయాన్ బ్యాటరీకి ఆ జబ్బు లేదు. పైగా, ప్రతిసారీ అడుగంటా ఖాళీ చేయడం దానికి చేటు. పూర్తిగా ఖాళీ చేసి నింపితే బాగుపడేది బ్యాటరీ కాదు, దాని లోపల కూచుని లెక్కలు రాసే చిన్న చిప్పు. ఆ చిప్పు అంచనా తప్పినప్పుడే తెరమీద నలభై కనబడుతుంది, లోపల మాత్రం శూన్యం ఉంటుంది. గుమాస్తా చేత లెక్క సరిచేయించినంత మాత్రాన గాదెలో ధాన్యం పెరగదు కదా.

ఇంతకీ ఆ గాదెలో ఏం జరుగుతుంది?

నా చిన్ననాటి భౌతికశాస్త్ర పుస్తకంలో సెల్లును ఘటం అనీ, బ్యాటరీని ఘటమాల అనీ రాసేవారు. ఎంత చక్కని మాటలో! ఘటమంటే కుండ. ఘటమంటే దేహం కూడా. నా మొదటి లాప్‌టాపు ఇటుకలో అలాంటి ఘటాలు ఆరు ఉండేవి, ఒక్కొక్కటి 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఉక్కు గొట్టం. ఆ కొలతల వల్లనే ఆ రకాన్ని 18650 అంటారు. నాన్నగారి సన్నని లాప్‌టాపులో గొట్టాలకు చోటేదీ? అందులో ఉన్నవి రేకు సంచుల్లాంటి పలుచని ఘటాలు. రూపం వేరైనా లోపలి కథ ఒకటే. ఒక పక్క గ్రాఫైటు, మరొక పక్క కోబాల్టు వంటి లోహంతో కూడిన ఆక్సైడు, నడుమ ఒక సేంద్రియ ద్రవం. ఛార్జి ఎక్కించినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల నడుమకు వెళ్ళి సర్దుకుని కూచుంటాయి. వాడుకున్నప్పుడు తిరిగి పుట్టింటికి వస్తాయి. రాకపోకలు, అంతే. ఒక్కొక్క ఘటం నిండినప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది.

ఈ రాకపోకలకు ఒక సుంకం ఉంది. మొదటిసారి ఛార్జి చేసినప్పుడే గ్రాఫైటు ఒంటిమీద పలుచని పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొరే ద్రవం నుంచి దానికి రక్షణ. కానీ కాలం గడిచేకొద్దీ ఆ పొర మందమవుతూ, కొంచెం కొంచెంగా లిథియాన్ని తనలో కలిపేసుకుంటుంది. అలా చిక్కుకున్న లిథియం మళ్ళీ ప్రయాణానికి రాదు. మరోపక్క లోపలి నిరోధం పెరుగుతుంది. అందువల్ల పని కాస్త ఎక్కువైతే చాలు, వోల్టేజి ధబేలున పడిపోయి యంత్రం ఆగిపోతుంది. ఇదే మనం "బ్యాటరీ పోయింది" అనే రెండు ముక్కల వెనుక ఉన్న రసాయన చరిత్ర.

విశేషమేమంటే, వాడకపోయినా ఈ ముసలితనం ఆగదు. రెండు కారణాలు దాన్ని తరుముతాయి. ఒకటి వేడి. రెండోది నిండుతనం. నూటికి నూరు నిండి ఉన్న ఘటం లోపల ఒత్తిడి ఎక్కువ, అవాంఛిత రసాయన చర్యలకు అవకాశం ఎక్కువ. నలభై డిగ్రీల వేడిలో నిండుగా ఉంచిన ఘటం ఒక్క ఏడాదిలో తన పట్టులో మూడోవంతు దాకా పోగొట్టుకోగలదు. సగానికి తక్కువగా నింపి చల్లగా ఉంచితే ఆ నష్టం చాలా తక్కువ. ద్రవం విచ్ఛిన్నమైనప్పుడు వాయువులు పుడతాయి. ఉక్కు గొట్టంలో అయితే అవి బయటికి కనబడవు. రేకు సంచిలో అయితే సంచి ఉబ్బుతుంది. పూరీ పొంగినట్టే.

ఈ విద్యను మనకిచ్చినవారికి నమస్కరించకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. సోనీ సంస్థ 1991లో తొలిసారి ఈ బ్యాటరీలను అంగడికి తెచ్చింది. దాని వెనుక ఉన్న పరిశోధనకు జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికి గుడినఫ్‌గారి వయస్సు 97. అంత పెద్దవయస్సులో నోబెల్ అందుకున్నవారు అంతకుముందు లేరు. నూరేళ్ళు నిండాక 2023లో ఆయన కన్నుమూశారు. సృష్టించినవాడు శతాయుష్మంతుడు, సృష్టికి మాత్రం నాలుగైదేళ్ళు గడిస్తే గండం.

సరే, మళ్ళీ బెజవాడకు వస్తాను.

బెజవాడ వేసవి గురించి నేను వర్ణించనక్కరలేదు. పగలు నలభై దాటడం అక్కడ వార్త కాదు. అలాంటి గదిలో, లేసుగుడ్డ కప్పి, రాత్రింబవళ్ళు ఛార్జరు తగిలించి, ఆపకుండా ఆ లాప్‌టాపును ఉంచింది మా అమ్మ. వేడీ, నిండుతనమూ రెండూ కలిపి, ఏళ్ళ తరబడి.

"ఎందుకమ్మా ఇలా? రాత్రి పడుకునేటప్పుడైనా ఆపవచ్చు కదా?" అన్నాను, గొంతులో కాస్త విసుగు ధ్వనించే ఉంటుంది.

"నువ్వే కదురా చెప్పావు," అంది అమ్మ.

"నేనేం చెప్పాను?"

"బ్యాటరీ పోయింది, వైరు తీయకు, తీస్తే ఆగిపోతుంది అన్నావు. ఆగిపోతే మళ్ళీ వస్తుందో రాదో అని నేను ఆపలేదు."

నాకు నెమ్మదిగా గుర్తొచ్చింది. 2019లోనే, నాన్నగారి కార్యక్రమాలన్నీ అయిపోయి తిరుగు ప్రయాణమవుతూ, ఒక చేతిలో సంచీ, మరో చేతిలో ఫోనుతో, ఆటో వాడు వీధిలో హారను కొడుతుండగా, గుమ్మంలోంచే ఆ మాట అన్నాను. వైరు తీస్తే అయిదు నిమిషాల్లో ఆరిపోతోందని అమ్మ చెబితే, నాకు తోచిన రెండు ముక్కలు పడేసి మెట్లు దిగాను. నాకది చిన్న సాంకేతిక సమాధానం. అమ్మకది ఆజ్ఞ. దానిలో ఏముందో తెలిస్తే మీకూ అర్థమవుతుంది.

నాన్నగారికి పోతన భాగవతమంటే ప్రాణం. ఉద్యోగ విరమణ తరువాత గొంతు విప్పి పద్యాలు చదవడం ఆయనకు ఉదయపు కాలక్షేపం. 2014 నుంచి ఓ నాలుగేళ్ళపాటు, లాప్‌టాపు ముందు కూచుని, దానిలో ఉన్న మైకుతోనే వాటిని రికార్డు చేసుకున్నారు. అరవైకి పైగా ఫైళ్ళు. అమ్మ రోజూ పొద్దున కాఫీ తాగుతూ వాటిలో ఒకటి వింటుంది. యూట్యూబులో ఎంతమంది విద్వాంసులు ఎంత శ్రావ్యంగా చదివినవి ఉన్నా, ఆమెకు కావలసింది ఈ ఫ్యాను రొదతో, వీధిలో కూరలవాడి కేకతో కలిసిన ఈ గొంతే.

ఆ ఫైళ్ళకు మరో ప్రతి ఎక్కడా లేదు. "వచ్చే పండక్కి వచ్చినప్పుడు కాపీ చేస్తాను" అని ఎన్ని పండుగలు దాటించానో.

ఇప్పుడు నా ఎదుట ఉన్న చిక్కు ఇది. ఉబ్బిన బ్యాటరీ అంటే తక్షణం ఛార్జి ఆపాలి, యంత్రాన్ని ఆపాలి. ఉబ్బిన ప్రతిదీ అంటుకోదు, నిజానికి ఎక్కువ భాగం అంటుకోవు. కానీ ఆ సంచీ ఎక్కడైనా చిల్లుపడినా, లోపలి రెండు పొరలు ఒకదానికొకటి తగిలినా వేడి పుడుతుంది, ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తుంది, ఇక అది మన చేతిలో ఉండదు. 2006 ఆగస్టులో డెల్ సంస్థ 41 లక్షల లాప్‌టాపు బ్యాటరీలను వెనక్కి పిలిచింది ఇలాంటి భయంతోనే. ఆ బల్ల పక్కనే దివాను మంచం, దాని మీద దూది పరుపు, దాని మీద పడుకునేది డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ.

మరోవైపు, దానిలో ఉన్నది తిరిగే పళ్ళెంతో కూడిన పాత హార్డు డిస్కు. ఏళ్ళపాటు ఆగకుండా తిరిగిన డిస్కు, ఒకసారి ఆగి చల్లబడితే మళ్ళీ తిరగడానికి మొరాయించడం నేను చూశాను. అంటే అమ్మ భయం ఉత్త చాదస్తం కాదు. పెన్‌డ్రైవు కోసం సంచీ అంతా వెదికాను. హైదరాబాదులో నా బల్ల సొరుగులో అరడజను ఉన్నాయి. సంచీలో ఒక్కటీ లేదు.

ఛార్జరు పీకాను. షట్‌డౌన్ నొక్కాను. ఫ్యాను నెమ్మదించి ఆగింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నాకు కొత్తగా అనిపించింది. అమ్మ ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చల్లబడేదాకా ఒక గంట ఆగాను. చిన్న మరచుట్టు తెచ్చి అడుగు పలకకున్న పది మరలు విప్పాను. మూడు రేకు సంచులు వరుసగా ఉన్నాయి. మధ్యది పూర్తిగా పొంగింది, పక్కవి రెండూ కాస్త కాస్త. ముందుగా బ్యాటరీ నుంచి మదర్‌బోర్డుకు వెళ్ళే తీగల ముడిని వేళ్ళతోనే నెమ్మదిగా ఊడదీశాను. తరువాత దాన్ని పట్టుకున్న నాలుగు మరలు. ఇనుప వస్తువేదీ సంచుల దరిదాపులకు పోనివ్వలేదు. నొక్కలేదు, వంచలేదు. గాలి పోతే సరిపోతుందని సూదితో పొడిచే మహానుభావులు ఉన్నారని విన్నాను. దయచేసి ఆ పని కలలో కూడా చేయకండి. లోపల ఉన్నది గాలి మాత్రమే కాదు, మండే ద్రవం తాలూకు ఆవిరి.

బయటకు తీసిన బ్యాటరీని ఎక్కడ పెట్టాలి? అమ్మ పెరట్లోంచి తులసి మొక్కకోసం తెచ్చిన ఖాళీ కుండ ఒకటి, దానిలో సగం ఇసుకా పోసి తెచ్చింది. తీగల కొనలకు టేపు చుట్టి, ఇసుక మీద పడుకోబెట్టి, పైన మరికొంత ఇసుక పోసి, మేడ మీద నీడపట్టున, చుట్టూ కాలే వస్తువేదీ లేనిచోట పెట్టాను. ఘటాన్ని ఘటంలో పెట్టడమన్నమాట. నాన్నగారు ఉంటే ఈ శ్లేషకు కాస్త నవ్వేవారు.

ఆ తరువాత అడుగు పలక బిగించి, బ్యాటరీ లేకుండానే ఛార్జరు తగిలించి, మీట నొక్కాను. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది.

తెర నల్లగానే ఉంది. తరువాత తెల్లటి అక్షరాలు వచ్చాయి: తేదీ, సమయం సరిగా లేవు, సరిచేయండి అని. సంగతి అర్థమైంది. పెద్ద బ్యాటరీ కాక, గడియారం కోసం నాణెమంత చిన్న బ్యాటరీ ఇంకొకటి లోపల ఉంటుంది. అది ఎప్పుడో ఖాళీ అయిపోయింది. యంత్రం ఆగకుండా నడిచినన్నాళ్ళూ ఆ సంగతి బయటపడలేదు. ఇప్పుడు జ్ఞాపకం చెరిగిపోయి, గడియారం ఫ్యాక్టరీలో పెట్టిన తొలి తేదీకి పోయింది. తెరమీద 2013 జనవరి 1 అని ఉంది.

యంత్రం దృష్టిలో ఇంకా నాన్నగారు ఉన్నారు. ఒక్క క్షణం ఆ తేదీని మార్చబుద్ధి కాలేదు.

మార్చాను. హార్డు డిస్కు ఒకసారి కీచుమంది. రెండోసారి కీచుమంది. మూడోసారికి తిరిగింది.

ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి రెండు పెన్‌డ్రైవులు కొని, అన్ని ఫైళ్ళూ రెండింట్లోకీ ఎక్కించాను. ఒకటి అమ్మ బీరువాలో, ఒకటి నా దగ్గర. రాత్రి అవన్నీ మళ్ళీ నా లాప్‌టాపులోకీ, ఫోనులోకీ. పండుగలకు వాయిదా వేసిన పని మొత్తం అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతే, నలభై నిమిషాలు.

మర్నాడు కొత్త బ్యాటరీ కోసం తిరిగాను. ఒక దుకాణంలో "ఒరిజినలే సార్" అంటూ ఒకటి చేతిలో పెట్టారు. దాని మీద కంపెనీ పేరులోనే ఒక అక్షరం తప్పుంది. మరొక దుకాణంలోది అచ్చంగా కంపెనీదే కావచ్చు, కానీ తయారై చాలా ఏళ్ళయింది. పెట్టెలోంచి తీయకపోతే కొత్తదే అనుకుంటాం. ముందే చెప్పాను కదా, వాడకపోయినా ముసలితనం ఆగదు. ఎవరికీ తెలియని ఛార్జితో, ఏ గోదాములోనో ఇన్ని వేసవులు గడిపిన బ్యాటరీ పుట్టుకతోనే వృద్ధురాలు. పాత ఇటుకను విప్పి లోపల కొత్త ఘటాలు అతికిస్తామనేవారు కూడా ఉన్నారు. దానికి సరైన పనిముట్లు, అనుభవం కావాలి. పైగా కొన్ని బ్యాటరీల్లోని చిప్పు, ఒకసారి ప్రమాదమని తాను తీర్మానించుకుంటే, ఘటాలు మార్చినా తాళం తీయదు. ఇంట్లో బల్లమీద చేసే పని కాదది.

చివరకు బ్యాటరీ లేకుండానే నడపాలని నిశ్చయించాను. ఇంటికి ఇన్వర్టరు ఉంది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ రెప్పపాటును ఛార్జరు తట్టుకుంటోంది. అన్ని లాప్‌టాపులూ బ్యాటరీ లేకుండా నడవవు, ఇది నడుస్తోంది. అమ్మకు కొత్త అలవాటు నేర్పాను: పొద్దున మీట నొక్కడం, విన్న తరువాత ఆపడం, వైరు తీయడం. లేసుగుడ్డ ఆపిన తరువాతే కప్పడం.

ఇక కుండలోని ఘటం. ఈ కథలో నేను సిగ్గుపడవలసిన రెండో ఘట్టం ఇక్కడుంది.

నా మొదటి లాప్‌టాపును 2012లో వదిలించుకున్నాను. అప్పుడు దాని బ్యాటరీ ఇటుకను పాత పేపర్లతోపాటు పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. అతడు దాన్ని చేతిలో తూచి, ఇనుప ముక్కలున్న గోనెసంచిలో పడేశాడు. అది ఏమైందో నేను ఆలోచించలేదు. ఇంట్లో చోటు ఖాళీ అయిందని సంతోషించాను.

ఈసారి కూడా వీధిలో "పాత ఇనప సామాన్లు కొంటాం" అన్న కేక వినబడగానే అమ్మ నావైపు చూసింది. బండి ఆపి అతణ్ణి అడిగాను, ఇలాంటివి తీసుకుంటారా అని. కుండలో ఇసుక పక్కకు జరిపి చూపించాను.

అతడు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఉబ్బింది వద్దు బాబూ," అన్నాడు. "మా కొట్టు దగ్గర పిల్లాడు రాగి తీద్దామని ఇట్టాంటిదాన్నే సుత్తితో కొట్టాడు. భగ్గుమంది." అని తన కుడి ముంజేతిని చూపించాడు. ఆర్పబోయినప్పుడు కాలిందట. చర్మం మోచేతి దాకా ముడుచుకుపోయి ఉంది.

"ఆ పిల్లాడు?"

"బాగానే ఉన్నాడు బాబూ. చెయ్యి సరిగా ముయ్యలేడు అంతే."

ఆ బ్యాటరీ నేను ఇచ్చినది కాదు. ఊరు వేరు, కాలం వేరు. కానీ ఎవరో ఒకరు ఇచ్చినదే కదా. ఆ ఎవరో కూడా నాలాగే చోటు ఖాళీ అయిందని సంతోషించి తలుపు వేసుకుని ఉంటారు. నేనిచ్చిన ఇటుకను ఎవరు ఏ సుత్తితో కొట్టారో నాకు ఎప్పటికీ తెలియదు. "ఏమీ అయి ఉండదులే" అని సర్దిచెప్పుకునే హక్కు ఆ ముంజేతిని చూశాక నాకు లేకుండా పోయింది.

మన దేశంలో 2001 నాటి బ్యాటరీల నిబంధనలు సీసపు ఆమ్ల బ్యాటరీల కోసమే ఉండేవి. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు లిథియం వాటినీ కలుపుకున్నాయి. వాటి ప్రకారం, తయారుచేసేవారూ, దిగుమతి చేసుకునేవారూ వాడేసిన బ్యాటరీల సేకరణకూ, పునర్వినియోగానికీ బాధ్యత వహించాలి. వాటిని పూడ్చకూడదు, కాల్చకూడదు. మనవంతు ఒకటుంది. మామూలు చెత్తలో కలపకుండా విడిగా అప్పగించడం. బ్యాటరీ మీద గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉండేది అందుకే. దానిలోని కోబాల్టు, నికెల్, రాగి, లిథియం మళ్ళీ రాబట్టుకోదగినవి. కోబాల్టులో అధికభాగం కాంగో దేశపు గనుల నుంచి వస్తుంది. అక్కడ చిన్న చిన్న గోతుల్లో చేతులతో తవ్వేవారున్నారు, వారిలో పిల్లలూ ఉన్నారు. అంటే ఈ ఘటం పుట్టేటప్పుడు కొందరి చేతులు, పోయేటప్పుడు మరికొందరి చేతులు. మధ్యలో మన చేతులు మాత్రం శుభ్రంగా.

నిబంధన ఉన్నంత సులువుగా అప్పగింత ఉండదు. మొదట వెళ్ళిన సేవాకేంద్రంలో "కొత్తది కొంటేనే పాతది తీసుకుంటాం" అన్నారు. రెండోచోట ఉబ్బినదని చూసి ముట్టుకోలేదు. కొరియరులో పంపుదామంటే ఇలాంటివి పంపకూడదు. మూడోచోట, గుర్తింపు ఉన్న ఈ-వ్యర్థాల సేకరణవారు, నా ఇసుక డబ్బాను చూసి, "ఇలా తెచ్చినవాళ్ళు తక్కువ సార్" అన్నారు. రసీదు రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఎందుకో దాచుకున్నాను.

హైదరాబాదు చేరగానే మొదట చేసిన పని నా అటకా, సొరుగులూ వెదకడం. రెండు పాత లాప్‌టాపులు, ఒక విడి బ్యాటరీ, నాలుగు ఫోనులు బయటపడ్డాయి. వీటిలో ఒకదాని మూత కొద్దిగా లేచి ఉంది. పదేళ్ళుగా ఆ అటక కిందే నా పుస్తకాలు, దాని కిందే మా మంచం. అన్నీ ఒక శనివారం పట్టుకెళ్ళి అప్పగించి వచ్చాను. ఇప్పుడు వాడుతున్న లాప్‌టాపులో ఛార్జి 80 శాతం దగ్గర ఆగేలా అమరిక పెట్టాను. చాలా యంత్రాల్లో ఆ సదుపాయం ఉంటుంది, వెదకాలి అంతే. విండోసులో పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశంతో బ్యాటరీ నివేదిక తీస్తే, పుట్టినప్పుడు ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో రెండు అంకెలు కనబడతాయి. ఆర్నెల్లకొకసారి చూసుకుంటే చాలు. ఆ పక్కన యంత్రాన్ని బల్లమీద పెట్టి కంటి ఎత్తులో ఒకసారి వంగి చూడాలి. ఈ రెండో పరీక్ష మా అమ్మ కనిపెట్టినది.

మిత్రులారా, మీ అటకల మీదా ఇలాంటివి ఉంటాయి. ఎందుకంటే మనమంతా ఒకే తరం లాప్‌టాపుల మీద తెలుగు అక్షరాలు దిద్దుకున్నవాళ్ళం. మొదటి రాతలు రాసిన యంత్రమని ప్రేమతో దాచుకుని ఉంటారు. యంత్రాన్ని దాచుకోండి, తప్పులేదు. దాని బ్యాటరీని మాత్రం దాచుకోకండి. లోపలి రాతల్ని మరొకచోటికి ఎక్కించి పెట్టుకోండి. ఈ రెండూ చేయకుండా దాచుకోవడాన్ని ఇన్నాళ్ళూ నేను అభిమానమనే అనుకున్నాను. తీరా చూస్తే అది ఉత్త బద్ధకం. ఇక్కడా వాపును చూసి బలుపనుకోవడమే.

బెజవాడ నుంచి బయలుదేరే రోజు పొద్దున్న అమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, వైరు తగిలించి, తానే మీట నొక్కింది. తెల్ల అక్షరాలు వచ్చేదాకా గ్లాసు ముట్టుకోలేదు. గడియారం బ్యాటరీ నేను మార్చాను కనుక ఈసారి అక్షరాలు రాలేదు, నేరుగా తెర వెలిగింది. తనకిష్టమైన గజేంద్రమోక్షం ఫైలు తెరిచింది. నాన్నగారు గొంతు సవరించుకుని పద్యమెత్తుకున్నారు. రెండో పాదం సగంలో ఉండగా, దూరంగా వంటింట్లోంచి, కాఫీ చల్లారిపోతోందంటూ ఎన్నో ఏళ్ళ కిందటి మా అమ్మ కేక వినబడింది.

అమ్మ గ్లాసు అందుకుంది. నేను ఆటో కోసం ఫోను చేయబోయి, పద్యం పూర్తయ్యేదాకా ఆగాను.